సున్నపు తేట

నరసాపురం రేవుకి పోయే దారిలో
లేసు కొట్టు మీద మేడ, మా ల్యాబు.
మెట్లెక్కలేని వాళ్లకి నేనే కిందికి దిగి రక్తం తీస్తాను.
పదకొండేళ్లు. ఎన్ని పచ్చటి కళ్లో.
చీటీ మీద అంకె రాసిస్తే
దాన్ని నాలుగు మడతలేసి జాకెట్లో దోపుకుని
తిన్నగా పోయి పంటెక్కేస్తారు.

అవతలి ఒడ్డున, సఖినేటిపల్లిలో
మట్టపర్తి తాతబ్బాయి ఉన్నాడు.
ఆదివారం, గురువారం. పరగడుపున రావాలి.
అరచేతులకి ఏదో బెరడు రసం పూస్తాడు,
ఇత్తడి పళ్లెంలో సున్నపు తేట పోసి కడుగుతాడు.
నీళ్లు పచ్చగా దిగుతాయి.
"అదిగో, దిగిపోతంది కామెర" అంటాడు.
చూసినవాళ్లకి ఆకలి పుడుతుంది.
ఎగతాళికి అనడం లేదు, నిజంగానే పుడుతుంది:
పది రోజులుగా అన్నం వాసనకే వాంతి చేసుకున్న మనిషి
తిరుగు పంటులో మరమరాలు కొనుక్కుని తింటాడు.

మామిడి బెరడు, సున్నం. అంతే.
ఒకసారి ఇంట్లో చేసి చూశాను.
ఏ జబ్బూ లేని నా చేతుల నుంచీ
అంతే పచ్చ.
ఆ నీళ్లు గాజు గ్లాసులో పోసి కిటికీలో పెట్టుకుని
కొన్నాళ్లు మహా గర్వంగా తిరిగాను.

చాలా కామెర్లు వాటంతటవే తగ్గుతాయి.
మూడు వారాలకి అంకె దిగుతుంది.
పేరు తాతబ్బాయికి, పరీక్ష డబ్బులు నాకు.

దిగనివీ ఉంటాయి.
లంక నుంచి వచ్చేది, లేసు అల్లే పిల్ల, దీవెన.
నాలుగు గురువారాలు పంటెక్కింది.
పిత్తనాళంలో రాయి. బెరడుకేం తెలుసు?
భీమవరం తీసుకెళ్లేసరికి
చేయడానికి ఏమీ మిగల్లేదు.
సగం అల్లిన గుడ్డ, సూది గుచ్చింది గుచ్చినట్టే,
వాళ్లమ్మ తెచ్చి కింద కొట్టులో అప్పజెప్పింది.
వాళ్లు సగానికి కూలి లెక్క కట్టడం
మెట్ల మీద నిలబడి విన్నాను.

మొన్నొక రాత్రి, ఆఖరి పంటు వచ్చాక,
షట్టరు సగం దించాక,
తలకి తువ్వాలు కప్పుకుని ఒక ముసలాయన.
"ఎవరికీ చెప్పకమ్మా" అని చెయ్యి చాచాడు.
ముందు కళ్లు తెలిశాయి, తర్వాత మనిషి.
సూది గుచ్చుతుంటే మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

పదహారు పాయింటు నాలుగు.

"మీ వైద్యం చేసుకోలేకపోయారా?"
వెటకారంగానే అన్నాను.
"నాకెలా పనిచేత్తాదమ్మా?
నీళ్లెందుకు పచ్చబడతాయో నాకు తెలుసు గదా."

దీవెన పేరు నాలుక చివర ఉంది. అనేశాను.
ఆయన చాలాసేపు వెతుక్కున్నాడు.
గుర్తు రాలేదు.
గుర్తొచ్చి ఏడ్చి ఉంటే బావుండేది.

వెళ్తాడనుకుంటే, సంచి విప్పాడు.
బెరడు, సున్నం డబ్బా, ఆ పళ్లెం.
"నువ్వోసారి కడుగుతావా?
మా నాన్న పోయాక నా చేతులు ఎవరూ పట్టుకోలేదు."

తొడుగులు తీసేశాను, ఎందుకో.
ముడతల్లో రసం పూసి, తేట పోశాను.
నమ్మకం లేని మనుషులం ఇద్దరం
ఒక్క పళ్లెం మీదికి వంగి చూస్తూ ఉన్నాం.
పచ్చగా దిగింది.
కాసేపాగి
"ఈ వేళప్పుడు ఇడ్లీ ఏమన్నా దొరుకుద్దా?" అన్నాడు.

తెల్లారి కాకినాడ పెద్దాసుపత్రికి
చీటీ రాసిచ్చి బస్సెక్కించాను.
అంకె దిగిందో లేదో కబురు లేదు.

గురువారం, పంటు తిరిగి వచ్చినవాళ్లు
నా మెట్ల దగ్గర మూగారు.
"తాతబ్బాయి లేడంట, ఎక్కడికెళ్లాడో ఏమో?"
చెప్తే ఈ పూటే అందరూ ఆ బస్సే ఎక్కుతారు.
చెప్పనని మాటిచ్చాను.
కాకినాడ బస్సు ఎన్నింటికో మాత్రం
ప్రతి చీటీ వెనకా రాస్తూ కూర్చున్నాను.

ఒకావిడ నా వేళ్లకేసి చూసింది.
గోళ్ల చుట్టూ ఇంకా పోని పచ్చ.
"నీక్కూడానా, అమ్మా?" అంది.