మిట్టూరు వాల్వు

తొలి బస్సుకే చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చాడు చెంగల్రాయులు.
మున్సిపాలిటీలో నీళ్లు వదిలే పని, ఇరవయ్యారేళ్లుగా.
చక్కెర జబ్బు, పదిహేడేళ్లుగా.
చీటీ మీద డాక్టరు గీసింది ఒక్కటే ముక్క:
లేచి నిలబడితే పడిపోతున్నాడు.

నా గదిలో సూదుల్లేవు, కోతల్లేవు.
ఒక మంచం, గుండెకు తీగలు,
బీపీ పట్టీ, నా గొంతు.
పీల్చండి... ఐదు లెక్కపెట్టేదాకా.
వదలండి... ఐదు లెక్కపెట్టేదాకా.

ఊపిరి లోపలికొస్తే గుండె కాస్త తొందరపడాలి,
బయటికెళ్తే సర్దుకోవాలి,
కాగితం మీద అల లేవాలి.
మెదడు అడుగున బయల్దేరి మెడలోంచి దిగి
గుండెనీ కడుపునీ పలకరిస్తూ తిరిగే
దేశదిమ్మరి నాడి పని అది.
పేరు వేగస్. పని మాత్రం నిదానం.
గుండె పరుగెత్తబోతే చొక్కా పట్టుకుని ఆపుతుంది.

చెంగల్రాయులి కాగితంలో అల లేదు.
పీల్చినా తొంభై ఆరు, వదిలినా తొంభై ఆరు.
"బాగుండాదా మేడం? ఒకే తీరుగా పోతా ఉండాది."
ఏం చెప్పను?
ఆసుపత్రి మొత్తం కోరుకునేది నిలకడ.
ఈ ఒక్క గదిలో నిలకడే జబ్బు.

అడగాల్సినవి అడిగాను.
"రాత్రి తిన్న సంకటి తెల్లారినా దిగదు.
ఎండాకాలం మొకమంతా చెమట, అరికాలు మట్టుకు ఎండిన చెరువు.
ఒంటేలుకు పోవల్లని ఒళ్లు చెప్పదు, గడియారం చూసి పోతా.
వాల్వు గుంతలోకి దిగితే చీకటి చీకటిగానే ఉంటాది,
ముందర కొంచేపటికి కండ్లు తెరుచుకునేవి."
ఒక్కో వీధికీ నీళ్లు ఆగిపోయినట్టు
వరసగా చెప్పుకుపోయాడు, ఫిర్యాదేమీ లేకుండా.

ఇప్పుడు లేవండి.
పడుకున్నప్పుడు నూట ముప్పయ్యెనిమిది.
నిలబడిన రెండో నిమిషానికి తొంభై నాలుగు.
మొహం పాలిపోయింది. చేతులు నా భుజం కోసం తడిమాయి.

కూర్చోబెట్టి, గ్లాసు చేతికిచ్చి చెప్పాను.
మనిషి లేవగానే నెత్తురు కాళ్లలోకి జారుతుంది.
మెడలోని కాపలా పసిగడుతుంది.
కాళ్లలో కడుపులో నాళాలు బిగించమని
గుటక మింగేలోపే కబురెళ్తుంది.
మీ కబురు దారిలో ఆగిపోతోంది.

నవ్వాడు.
"మా మిట్టూరు మాదిరి.
దిగువ వీధుల వాల్వు బిగించకపోతే
మిట్ట మీదికి చుక్క ఎక్కదు మేడం.
మూడుకి లేసి నేనే బిగిస్తా.
మిట్టూరోళ్లకి నేనెవురో తెల్దు.
నీళ్లు రాని దినమే అడగతారు,
యాడబ్బా వాడు, అని."

సహానుభూత నాడులు.
పరీక్ష కోసం బట్టీ పట్టిన మాట.
అందులో సహానుభూతి ఉందని
పదేళ్ల ఉద్యోగం తర్వాత, ఈ నవ్వు ముందు వినబడింది.

ఇకమీదట ఒక్కసారిగా లేవద్దు, అన్నాను.
మంచం అంచున కూర్చోండి, పాదాలు ఆడించండి,
వంద లెక్కపెట్టండి...
"తెలుసులే మేడం.
వాల్వు ఒక్క తిప్పున తిప్పితే పైపు పగలతాది.
కాలు తిప్పు తిప్పి నిలపల్ల.
లోపల గాలి పోవల్ల."

వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగి
నా వాష్‌బేసిన్ కుళాయి చూశాడు.
చుక్క కారుతోంది, నెలల నుంచి.
రెండు వేళ్లతో ఏదో చేశాడు. ఆగింది.

మర్నాడు వేకువన, అద్దె ఇంట్లో,
కుళాయి ముందు దగ్గి, గాలి వదిలి,
తర్వాత నీళ్లు.
చప్పుడుకి మంచం మీంచి దిగ్గున లేచాను.
గది తిరగలేదు.
బిందె నిండేదాకా
నిలబడే ఉన్నాను.