గుండీల ఆట

నారాయణగూడల షట్టర్ సగం దించినంక
కటింగ్ బల్ల మీద బట్టలు పక్కకు జరిగి
పత్తాలు పడ్తయి.
తెల్ల గుండీ పది రూపాయలు,
నల్లది యాభై,
షేర్వానీకి కుట్టే ఇత్తడి గుండీ ఐదు వందలు.
దాన్ని ఇంతవరకు ఎవ్వడు ముందుకు నూకలే.

మూడు పత్తాల నుంచి మమ్ముల ఈ ఆటలకు గుంజింది
ప్యాంట్లు పొట్టి చేయించుకుంటందుకు వచ్చే సృజన్.
"చేతిల రెండు, బల్ల మీద ఐదు, అంతే అంకుల్" అన్నడు.
అంతే అన్నది ఏదీ అంతే ఉండదు.
ముప్పై ఏండ్ల సంది కత్తెర పట్టినోణ్ని, నాకు తెల్వదా.

ఇయ్యాల నా చేతిల ఇస్పేట్ రాజు, డైమన్ రాజు.
బల్ల మీద మొదలు పడ్డదే కళావర్ రాజు,
ఎన్క ఆటీన్ తొమ్మిది, ఆటీన్ నాలుగు.
మెడల ఏలాడే టేపును రెండు చేతుల్తోని పట్టుకున్న,
గుండె దడ ఎవ్వనికి కొలతకు దొరకొద్దని.

ముకర్రం భాయ్
ఎనిమిది తెల్ల గుండీలు ఒకదాని మీద ఒకటి పేర్చి
ముందుకు జరిపిండు,
సూదిల దారం ఎక్కించినంత మెల్లగ.
ఇస్త్రీ బిక్షపతి పత్తాలు బోర్లేసి
బొగ్గులు ఆర్పనీకె లేచిండు.
సృజన్ ఎప్పుడో పడేసి ఫోన్ చూస్తున్నడు.

ఇగ నా వంతు.

కాల్ అంటే ఎనిమిది.
ఆయన ఉంటడు, ఇంకో పత్తా పడ్తది.
అది ఆటీన్ అయితే
నా ముగ్గురు రాజులు
అంచు కుట్టని బట్ట లెక్క పోగులు పోగులు.
రైజ్ అంటే జడుసుకొని పోతడు.
పోతే నాకు మిగిలేది
మందిమి తలా మూడు ఏసుకున్న ఈ పిడికెడే.

ముకర్రం భాయ్ గడ్డం గోకితే జోడీ ఉన్నట్టు.
చాయ్ మరిచిపోతే కలర్ కోసం చూస్తున్నట్టు.
ఇయ్యాల గడ్డం గోకిండు,
చాయ్ గూడ మరిచిండు,
గిలాస మీద మీగడ పొర కట్టింది.

ఒకప్పుడు గూడ నా చేయి ఇంత గట్టిగనే ఉండె.
ఆబిడ్స్ల పెద్ద దుకాణం, పెండ్లిళ్ల దినాలు,
కాలర్ ముడత లేకుంట నిలబెట్టేటోడు
ఆ మిషన్లన్నిట్ల నేనొక్కణ్నే.
కూలి పెంచమని అడుగుదామని పోతే
నోరు తెరవక ముందే సేటు
"జతకు పది ఎక్కువిస్త తీయ్" అన్నడు.
గల్లాపెట్టె మీద ఆయన వేళ్లు వణికినయి.
నేను చూసిన.
చూసి గూడ "సరే సేటూ" అన్న.
దాన్ని కాల్ అంటరని
మొన్న మొన్న సృజన్ చెప్పేదాకా తెల్వదు.

దానికి దీనికి ఏం సంబంధం అనుకుంటనే
ఇత్తడి గుండీ తీసి
బల్ల మీద పెట్టిన.
టక్కున సప్పుడైంది.
బిక్షపతి ఎన్కకు తిరిగి చూసిండు.

ముకర్రం భాయ్ గుండీని చూసిండు, నన్ను చూసిండు,
మళ్ల గుండీని చూసిండు.
"ఉస్తాద్, బాద్షా ఆ గయా క్యా?"
నేను సుద్దముక్క ఏరుకుంటున్నట్టు తల వంచుకున్న.
ఆయన పత్తాలు రెండు
కట్టల కలిపేసి గట్టిగ పిసికిండు.

"ఇరవై గుండీల కోసం ఐదు వందలా అంకుల్?
ఇంత కొడితే ఎవడుంటడు?" సృజన్ నవ్విండు.
ఊరికెనే చూద్దామని
పడాల్సిన పత్తా వానే తిప్పిండు.

ఆటీన్ రెండు.

ముకర్రం భాయ్ పొర పక్కకు జరిపి
సల్లారిన చాయ్ ఒక్క గుటకల తాగిండు.
మూతి తుడుసుకుంట నవ్విండు.
ఏడుపు మింగిన నవ్వో, తప్పించుకున్న నవ్వో,
మా టేపు మీద ఆ గీతలు లేవు.

షట్టర్ దించంగ లెక్క పెట్టిన.
తెల్లయి ఇరవై.
ఒకదాని రంధ్రాల్ల ఎవరి అంగిదో
నీలి దారం ఇంక అట్లనే ఉన్నది.
ఇత్తడిది నా చెమటకు మసకబారింది.
కొంగుగుడ్డతోని రుద్దిన.
పొద్దుగాల దాన్ని
మల్లేపల్లి పెండ్లికొడుకు మెడ కాడ కుట్టాలె.