గౌను చప్పుడు

జాకెట్లు కుట్టుకునేదాన్ని, నాకేటి తెలుసు
నూటయాభై ఏళ్ళ కిందటి దొరసాని నడుము కొలత?
కూర్మనాథం మాస్టారు బొమ్మల పుస్తకం తెచ్చి
మిషను మీద పరిచారు.
"లోపల తిమింగలం ఎముకలు వేసేవారమ్మా" అన్నారు.
గోపాల్‌పూర్ రేవులో కవళ్ళూ పండుగప్పలే గానీ
అంత చేప నాకెవరు తెస్తారు?
మేడల మీంచి ఊరికే వేలాడుతున్న
పాత కేబులు తీగ కోసుకొచ్చి
ఐదు వలయాలు చుట్టాను.

గుడ్డ మాత్రం బరంపురం పట్టే.
రంగు తప్పి మగ్గం దగ్గరే మూలపడ్డ చీర,
అటు వంకాయా కాదు, ఇటు బూడిదా కాదు.
"ఇంగ్లండు వానరంగు ఇదే" అని మాస్టారు మురిసిపోయారు,
ఆయన మాత్రం ఎప్పుడు చూశారని!
కుంభాల అంచు కత్తిరించడానికి చెయ్యి రాలేదు.
లోపలికి మడిచి కుట్టేశాను.
తన కాళ్ళ చుట్టూ ఎర్రటి గుళ్ళ వరస ఉందని
దొరసానికి తెలీదు.

కథ చిన్నదే, పుస్తకమే లావు.
మొగుడు రాసిన ఆఖరి ఉత్తరం విప్పకుండా
చలికాలమంతా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంది ఆవిడ.
నాలుగొందల పేజీలు తిరుగుడే.
ఆ వేషం నూకరత్నం వేసింది.
పగలు పెద్దాసుపత్రిలో చీటీలు రాస్తుంది,
ఒడియాలో పేరడిగి తెలుగులో విసుక్కుంటుంది.
నాటకం ఒక్క రాత్రే. అరవైమంది జనం.
రెండుసార్లు కరెంటు పోయింది.
చీకట్లో ఆవిడ ఆగలేదు,
గౌను వినబడుతూనే ఉంది.

తర్వాత ఆడియో అన్నారు,
కళ్ళు కనబడని పిల్లల బడికి.
అప్పడాల గోదాములో గోడలకి బొంతలు కట్టి
ఇంగువ ఘాటులో, ఆటోల హారన్లు సద్దుమణిగాక
మొదలెట్టారు.
వానకి జల్లెట్లో చోళ్ళు.
గుర్రానికి బిభూతి తొడ మీద బిభూతి అరచెయ్యి.
గౌనుతో పనిలేదన్నారు.
మడిచి సంచిలో పెట్టుకున్నాను.
ఏమీ అనిపించలేదంటే అబద్ధం.

నూకరత్నం నైటీలో నిలబడి చదివింది.
మాట సరిగ్గానే ఉంది, మనిషే రాలేదు.
మూడోసారి కాగితాలు పక్కనపెట్టి
నా సంచీ వైపు చూసింది.
హుక్కులు పెడుతుంటే ఆమె వీపు చెమట
నా వేళ్ళకి అంటింది.

"శబ్ద హేవుచి!"
చెవుల డిప్పలు లాగేసి అరిచాడు బిభూతి.
చప్పుడట. పట్టు చప్పుడు మాట మీద పడుతోందట.
మాస్టారు కళ్ళు మూసుకున్నారు,
చాలాసేపు.
"ఉండనీ" అన్నారు.

ఇప్పుడు మిషను పక్కన ఫోను పెట్టుకుని
కాజాలు కుడుతూ వింటాను.
ఉత్తరం విప్పిందో లేదో ప్రతిసారీ మర్చిపోతాను.
ఏడో భాగంలో ఆవిడ మెట్లు దిగుతుంది చూడు,
ఎడమవైపు గుడ్డ ఒక్క క్షణం గర్రుమని ఆగుతుంది.
అక్కడే తీగ బయటికొస్తే
నల్లదారం పెట్టి బిగించాను.
ఆ మెట్ల దగ్గర
పెడలు మీద నా కాలు ఆగిపోతుంది.

"ఏటి వింటున్నావు?" అంటుంది
జాకెట్టు కోసం వచ్చినావిడ.
"ఏటీ లేదు,
రేపు రా. చేతులు ఇంకా అతకలేదు."