మూడో కొటేషన్

ఇన్సూరెన్స్ వాళ్ళ ఉత్తరంలో ఉన్నది ఇంతే:
కొట్టం ఒరిగింది. తీయించండి. లేదా
పాలసీ రద్దు.

ఒరిగిన మాట నిజమే.
ఒహాయోలో, వేన్ కౌంటీ కంకర రోడ్డు చివర,
మేం కొనుక్కున్న ఆరెకరాల్లో
నూట ముప్ఫై ఏళ్ళు నిలబడి నిలబడి
బరువంతా ఒక కాలి మీదికి మార్చుకున్న
ముసలి గేదెలా ఉంది.

మొదట వచ్చినవాడు ట్రక్కు దిగలేదు.
అద్దం దించి, "రెండు రోజులు. తొమ్మిది వేలు.
పక్కనే గొయ్యి తీసి పూడ్చేస్తా" అన్నాడు.
రెండోవాడు డబ్బే వద్దన్నాడు.
ఆ పాత చెక్క సిన్సినాటీలో
కాఫీ హోటళ్ళ గోడలకి వెళ్తుందట.
ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు,
నేనూ దాదాపు గ్లాసు చాచాను.

మూడో మనిషి వెర్నా స్టట్జ్‌మన్.
అరవై దాటిన ఆవిడ. చెవి మీద పెన్సిలు,
నడుముకి కొయ్య సుత్తి.
నాతో పలకరింపు పొడిపొడిగా కానిచ్చి
లోపలికెళ్ళి ఒక్కో స్తంభాన్నీ తట్టి
చెవి ఆనించి విన్నది,
పుచ్చకాయ బేరం చేసేవాళ్ళలా.
"ఇది పుచ్చింది. ఇదీ అంతే. ఇది ఇంకో వందేళ్ళు."
నిట్రాడు దగ్గర మాత్రం
సుత్తి దించి అరచేత్తో తట్టింది.

"ఇనప మేకు ఒక్కటి లేదు చూడు,
అన్నీ కొయ్య చీలలే.
కట్టినవాళ్ళు ఆఖర్న కొట్టింది
మనం ముందు ఊడదీయాలి.
మూడు వారాలు. పదమూడు వేలు."
ఎక్కువన్నాను.
ఎక్కువే అంది.

జూన్‌లో సంతకాలు.
పని మొదలైంది ఆగస్టులో.
మధ్యలో అడ్డుపడినవి వానకోవెలలు:
వాసాల కింద పదకొండు మట్టి గూళ్ళు,
గూటినిండా నోళ్ళు.
రెక్కలొచ్చేదాకా ముట్టనంది వెర్నా.
ఇన్సూరెన్స్ ఆఫీసుకి ఫోన్ చేసి చెబితే
అవతల అమ్మాయి టైపు చేయడం ఆపి
"ఎన్ని పిల్లలు?" అని అడిగింది.
లెక్కపెట్టలేదన్నాను.
గడువు పొడిగించింది.

పెళ్ళిపందిరి విప్పేవాళ్ళకుండే తొందర
వెర్నా మనుషులకి లేదు.
రేకులు, వాసాలు, గోడపలకలు
ఒక్కోదాని మీద సుద్దతో అంకె వేసి
పచ్చిక మీద పడుకోబెడుతూ పోయారు.
తలుపు వెనక పలక మీద
ఎవరిదో పెన్సిలు రాత బయటపడింది:
మార్చి 4. కోడెదూడ. రాత్రంతా పట్టింది.
మార్చి 19. కవలలు. ఒకటే.
ఆ "ఒకటే" పక్కన
ములుకు గుచ్చుకున్న చుక్క.

దొరికిన వస్తువులు యజమానికి చెందును
అని అగ్రిమెంటులో ఏడో షరతు.
యజమానిని నేనే, పద్నాలుగు నెలలుగా.
పలక పట్టుకుని ఇంట్లో గది గదీ తిరిగాను,
ఏ గోడా ఒప్పుకోలేదు.
ఇదంతా ఎక్కడికెళ్తుందని అడిగాను.
ఇండియానాలో మేకలు పెంచే జంట కొనుక్కున్నారట,
మళ్ళీ కొట్టంగానే లేపుతారట.
"అయితే ఇదీ" అన్నాను.
వెర్నా చెవి మీది పెన్సిలు తీసి
వెనకవైపు రాసుకుంది: తలుపు చాటున.

నిట్రాడు దిగిన మధ్యాహ్నం
పనివాళ్ళు టోపీలు తీస్తారేమో అని చూశాను.
తీయలేదు. దాని మీదే కూర్చుని
శాండ్‌విచ్‌లు తిన్నారు.

ఇప్పుడక్కడ నలుచదరంగా గడ్డి లేని నేల.
సాయంత్రం అంట్లు తోముతుంటే
ఇన్నేళ్ళూ ఇటు దారి దొరకని ఎండ
తిన్నగా వచ్చి కళ్ళలో పడుతోంది.
సబ్బు చెయ్యి అడ్డం పెట్టుకుని
రెండో చేత్తో కిటికీ కొలిచాను.
నాలుగు జానల పరదా కావాలి.