బోరు నీళ్లు

తరమణిలో, రెండో అంతస్తులో, కిటికీ లేని గది.
రూపాయి బిళ్లంత క్వార్ట్జ్ పలక
సెకనుకి యాభై లక్షలసార్లు వణుకుతుంది.
దాని మీద పల్చటి గాజు పూత.
నీళ్లలోంచి ఏది వచ్చి వాలినా
ఆ వణుకు కాస్త మందగిస్తుంది.
ఆ కాస్తని రాసుకోవడమే నా ఉద్యోగం.

గాజుది ఋణం. ఒంటినిండా ఋణం.
పాలిమరుది ధనం,
గొలుసు పొడుగునా కణుపు కణుపుకీ ఒక్కో ధనం.
ఎనిమిదో క్లాసులో కోదండపాణి మాస్టారు
ఋణావేశం, ధనావేశం అని బోర్డు మీద రాస్తే
ఎవరో ఎవరి బాకీనో తీర్చడానికి వెళ్తున్నారనుకున్నాను.
అది పూర్తిగా తప్పని
ఇప్పటికీ అనుకోను.

మంచినీళ్లలో ఆ గొలుసుకి తనతో తనకే పడదు.
ఒక ధనాన్ని చూసి ఇంకో ధనం దూరం జరుగుతుంది.
దండెం మీది తడి చీరలా బిగుసుకుని
గాజు మీద బోర్లా పడుకుంటుంది,
పక్కన ఇంకొకరికి చోటివ్వదు.
ఎనిమిది హెర్ట్జుల తగ్గుదల.
నాలుగు నెలలు, ఎప్పుడు చూసినా ఎనిమిదే.

మే నెలలో కరెంటు పోయి, డిస్టిలేషన్ ఆగిపోయి,
ఖాళీ డబ్బా చూడలేక
పొన్నురంగం బోరు పంపు కింద పెట్టి నింపాడు.
ఆ రోజు ముప్పై ఒకటి.
మర్నాడూ ముప్పై ఒకటి.
నేను అరిచాను.
"తణ్ణి తణ్ణిదానే, ఐమా" అన్నాడు,
నా పేరులోని హకారం ఆయన నోట్లో ఎప్పుడో కరిగిపోయింది.
నీళ్లన్నీ నీళ్లు కావని చెప్పడానికి
నాకొచ్చిన అరవం చాలలేదు.

తిరువాన్మియూరులో నా బకెట్ అంచుకి
తెల్లగా పేరుకునే ఉప్పే అది.
ధనానికీ ధనానికీ నడుమ చేరి
కొట్లాటని చల్లార్చింది.
గొలుసు వదులైంది, మెలికలు తిరిగింది,
ఒక కణుపు గాజుకి ఆనించి
నాలుగు కణుపులు నీళ్లలోకి ఉంగరాలుగా వదిలేసింది.
వేళచ్చేరి రైల్లో ముగ్గురి బెంచీ మీద
అందరూ మోకాళ్లు ముడుచుకుంటే
మల్లెపూల గంపతో నాలుగో ఆమె ఇమిడినట్టు
మరిన్ని గొలుసులు ఇమిడాయి.
ఉప్పు మరీ ఎక్కువైతే మాత్రం
ఋణానికి ధనం కనపడదు.
ఎవరూ ఎవరినీ అంటరు.
అదీ చూశాం, జూన్లో.

అంటుకోవడానికి కారణం ఆకర్షణ అని రాశాను రిపోర్టులో.
మేడమ్ కొట్టేసింది.
గొలుసు గాజుని చేరిన క్షణాన
ఇన్నాళ్లూ దీన్నీ దాన్నీ కాచుకుని ఉన్న చిన్న అయాన్లు
కాపలా దిగిపోయి
బడి గంట విన్న పిల్లల్లా నీళ్లలోకి పరిగెడతాయట.
లెక్క కడితే
పట్టుకున్న బలం కంటే
ఆ పరుగే పెద్దది.
ఇది నాకు అర్థమైన రోజు
మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలేదు, ఎందుకో.

శుభ్రమైన నీళ్లతో గంటసేపు కడిగాను.
వదల్లేదు.
ఒక్కో కణుపు పట్టు ఎంతని, ఊదితే పోయేంత.
కానీ అది ఊడేలోగా పక్కది ఆనుకుంటుంది.
అన్నీ ఒక్కసారే వదలాలి.
అన్నీ ఒక్కసారే ఎప్పుడు వదిలాయి గనక.

పేపరు అచ్చయింది.
అందులో పది మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్ ఉంది.
పంపు లేదు, డబ్బా లేదు.
సెప్టెంబరులో పొన్నురంగం కాంట్రాక్టు అయిపోయింది.
ఐడీ కార్డు, తాళం చెవి, నీలం ఆప్రాన్
టేబుల్ మీద వరసగా పెట్టి సంతకం చేశాడు.
బీకర్ల సొరుగుల మీద ఆయన అరవ అక్షరాలు
గోరుతో గీకినా రావు.
కాంటీన్లో టీ బాకీ ఇరవై రెండు రూపాయలట.
కట్టేస్తానని పర్సు తీశాను.
కాంటీన్ సెల్వి నోటుబుక్కు మూసి
డబ్బాల వెనక్కి తోసేసింది.
"ఉండనీమ్మా," అంది,
"అదుంటే వస్తాడు."