కోరం

ఎనిమిదో ముసాయిదా ఇది.
మొదటి ఏడూ మూలమీద ఇస్త్రీ బండి దగ్గర
చొక్కాల మడతల్లోకి పోయాయి.

జిల్లేడుకుంట నీటి మండలి అని పైన రాసి
కింద గీత కొట్టాను.
గీత కొట్టడం తేలికే,
ఎల్ల గీయడమే ఎటూ తేలలేదు.
వార్డు హద్దు మసీదు గల్లీని నిలువునా కోస్తుంది,
కరెంటోళ్ల హద్దు నాలా అవతలే ఆగుతుంది,
కుంట హద్దురాయి ఒకాయన పడకగదిలో ఉందని
అందరికీ తెలుసు.
పేరు మాత్రం మినిట్స్‌లో రాయొద్దన్నారు.

అప్పుడు తుల్జమ్మ అన్నది:
"ఆ ఏడు వాన రాత్రి
మా గోడమీద నీళ్లు గీసిన గీత ఇంకా ఉన్నది,
రెండుసార్లు సున్నమేసినా పైకొస్తది.
అది ఎన్ని ఇండ్లల్ల ఉన్నదో లెక్కవెట్టు.
అదే నీ మండలి."

లెక్కపెట్టాం. నాలుగొందల పదకొండు.
సెక్షన్ రెండు, ఎల్లలు: గోడ మరకలను బట్టి.

అధికారాల దగ్గర గొంతులు లేచాయి.
బోరు వేసేముందు అడగాలి, సరే.
ఇంకుడుగుంత మీద కారు నిలిపితే జరిమానా, సరే
(ముగ్గురు కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు).
ట్యాంకర్ రేటు రోడ్డుమీద కాదు, రిజిస్టర్లో తేలాలి, సరే.
మరి వాల్వు తిప్పే చెవి ఎవరి దగ్గర?
ఇరవయ్యారేళ్లుగా తిప్పుతున్న ఈదయ్య
వెనక బెంచీలో, మోకాళ్లమీద అడ్డంగా పెట్టుకుని
మాట్లాడకుండా కూర్చున్నాడు.
తుప్పు కడ్డీ, అరచేయి ఆనినంత మేర
వెండిలా మెరుస్తోంది.

ఓటు సంగతి వచ్చేసరికి
వంద గజాలకొకటి అన్నాడు మాణిక్‌రావు.
ఫర్హానా బేగం లేచింది. మూడో అంతస్తు, కిరాయి.
"బిందెకు పదిహేను లీటర్లు భాయ్‌సాబ్, మెట్లు యాభై రెండు.
నా భుజం ఎన్ని గజాలొస్తదో కొలిచి చెప్పండి."
ఎవరూ టేపు తియ్యలేదు.
నేను కొట్టేశాను, రాశాను, మళ్లీ కొట్టేశాను.

చేతులెత్తమని అడగబోతుండగా
బయట ట్యాంకర్ హారన్.

కొందరు చెప్పులు కూడా వెతుక్కోలేదు.
హాల్లో మిగిలింది నేను, ఫ్యాను, నలభై కుర్చీలు,
ఇంకా చదవని సెక్షన్ తొమ్మిది:
మూడింట ఒక వంతు హాజరు లేనిదే
ఏ తీర్మానమూ చెల్లదు.

నా డ్రమ్ము కూడా లైన్లోనే ఉంది, దాచను.
రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్లాను.
అక్కడున్నారు మూడింట రెండు వంతులు,
మాణిక్‌రావు బకెట్టు
ఫర్హానా బిందెకు వెనక.

చదివాను, మోటారు రొదలో, గొంతు చించుకుని.
బిందె పట్టిన ప్రతి మనిషికీ ఒక ఓటు.
తడి చేతులతోనే సంతకాలు పెట్టారు.
సిరా పాకి సెక్షన్ మూడు సగం పోయింది,
చెవి ఎవరి దగ్గరుండాలో
రాసింది సరిగ్గా అక్కడే.

తొమ్మిదో ముసాయిదా మొదలుపెట్టాలి.
ఏం రాయమంటావని ఈదయ్యను అడిగితే
"పొద్దుగాల నాలుగింటికి తిప్పాలె,
అప్పటిదాంక రాసుకో" అన్నాడు.