తేలే వడ్డీ

"ఫ్లోటింగా, ఫిక్సెడా?" అంది మేడం
కాఫీయా టీయా అన్నంత తేలిగ్గా.
ఏసోబు నా వైపు చూశాడు.
నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

ఫ్లోటింగంటే తేలేది. తెలుసు మేడం.
బుడమేరు సింగ్ నగర్‌లోకి వచ్చిన ఆదివారం
మా ఖాళీ గ్యాస్ బండ తేలింది,
షారోన్ లెక్కల పుస్తకం తేలింది,
పక్కింటి వెంకాయమ్మగారి పప్పుల డబ్బా
మూత ఊడకుండా మూడు సందులు దాటి
మసీదు మెట్ల దగ్గర ఆగింది.
నీళ్ళు తీసిన పదోరోజు
ఇంటాయన బురద కాళ్ళతో వచ్చి అద్దె అడిగాడు.
అదొక్కటే తడవలేదు.

ఆ రోజే అనుకున్నాను,
మునిగినా సొంత గోడ పట్టుకునే మునగాలని.

మూడు నెలలు తిరిగాం.
బ్యాంకులో ఏసోబు చేతుల్ని చూశారు,
గోళ్ళ కింద లేతు మిషను నూనె.
"జీతం అకౌంట్లో పడుద్దా?"
పడదండీ. శనివారం సాయంత్రం ఆటోనగర్లో
ఓనరు జేబులోంచి ఈయన జేబులోకి పడుద్ది,
చప్పుడు కూడా చెయ్యదు.
పద్దెనిమిదేళ్ళు ఇనుము చెక్కాడు,
ఒక్క కాగితం మీద కూడా ఆ గీత లేదు.

ఫైనాన్సు కంపెనీ కుర్రాడు తిరుమలేశు
కాగితాలు అడగలేదు, కూల్ డ్రింకు తెప్పించాడు.
"ఇరవై లక్షలక్కా, మూడ్రోజుల్లో చెక్కు."
పన్నెండున్నర శాతం.
రాత్రి షారోన్ ఫోన్లో లెక్క కట్టి
ఇరవయ్యేళ్ళ మొత్తం చూపించింది.
యాభై నాలుగు లక్షల చిల్లర.
ఏసోబు ఆ చిల్లరనే చదివాడు,
ముందున్న అంకె చదవడానికి ధైర్యం చాలక.

చివరికి బ్యాంకు కళ్ళకి కనపడింది నేను.
సూర్యారావుపేట ఆస్పత్రి నైటు డ్యూటీ,
నెలనెలా స్లిప్పు.
నా స్లిప్పు పద్నాలుగు లక్షల దగ్గర ఆగిపోయింది.
అప్పుని బట్టి ఇల్లు కత్తిరించాం,
గుడ్డ చాలనప్పుడు జాకెట్టు చేతులు తగ్గించినట్టు.
ఒక గది పోయింది. షారోన్ గది.
"హాల్లో చదువుకుంటాలే, కిటికీ మాత్రం నాది" అంది.

ఆడవాళ్ళ పేరు మీదైతే
వడ్డీలో ఐదు పైసలు తక్కువట.
నెలకి నలభై నాలుగు రూపాయలు.
ఆడపుట్టుకకి ఈ ఊళ్ళో
నాకు దొరికిన మొదటి తగ్గింపు.
నవ్వొచ్చింది. వదులుకోలేదు.

ఇల్లు రెండో అంతస్తు.
కింద గోడకి కొత్త రంగు వేశారు గానీ
నా భుజం ఎత్తున ఒక చోట
రంగు పొక్కులు పొక్కులుగా లేచింది.
వేలితో నొక్కాను.
పుండు మీద చర్మంలా మెత్తగా దిగింది.
పైకి మెట్లు లెక్కపెట్టాను. ముప్పై నాలుగు.
బ్యాంకు పంపిన ఇంజినీరు
గదులు కొలిచాడు, మెట్లు కొలవలేదు.

"ఏదీ చెప్పరేం?" అంది మేడం.
"వడ్డీ పెరిగితే కిస్తు పెరుగుద్దా అండీ?"
"కిస్తు పెరగదమ్మా, నెలలు పెరుగుతాయి."
ఏసోబుకి నలభై రెండు.
ఇరవై కలిపాను. ఆపైన కలపలేదు.
"పోనీ ఫిక్సెడు?"
"మూడేళ్ళే ఫిక్సెడు. తరవాత అదీ ఫ్లోటింగే."

అదా సంగతి.
రాత్రంతా జ్వరం చార్టులు గీసేదాన్ని,
ఎక్కే గీత, దిగే గీత నాకు కొత్త కాదు.
ముందే కట్టేస్తే జరిమానా లేదన్న లైను
రెండుసార్లు చదివించుకున్నాను.
"ఫ్లోటింగే రాయండి.
ఎటూ నీళ్ళల్లో దిగాలంటే
మొదట్నించీ ఈదుతాం."

నలభై మూడు పేజీలు.
ప్రతి పేజీ అడుగునా నా పేరు,
రాసీ రాసీ చివరికి ఎవరిదో అనిపించింది.
ఏసోబు బొటనవేలు ప్యాంటుకి తుడుచుకుని
పక్కన సంతకం పెట్టాడు, సహ దరఖాస్తుదారుగా.

ముప్పై తొమ్మిదో పేజీలో ఆగాను.
కిస్తు తేదీ ఐదు అని ఉంది.
"మా ఆస్పత్రిలో జీతం ఆరున పడుద్దండీ."
మేడం పెన్ను తీసింది,
ఐదు కొట్టేసి ఏడు వేసింది,
పక్కన పొట్టి సంతకం.

అంత పెద్ద పుస్తకంలో
నా మాట విని కదిలింది ఆ అంకె ఒక్కటే.
బయటికొచ్చాక ఏసోబుతో అన్నాను,
ఏడో తారీఖు మంచిదేనని.